నాము, యూరియా, పురుగుల మందు: పశువు పడిపోగానే ఏం చూడాలి, ఏ విరుగుడు ఎంత ఇవ్వాలి

తొలకరికి ఒక వాన పడి తర్వాత మూడు వారాలు మొగులు మొహం చాటేస్తే, పాలమూరు చెల్కల్లో జొన్న మోకాలెత్తు దగ్గరే వాడిపోయి నిలబడుతుంది. గట్టు మీద మేసే బర్రె తాడు తెంపుకొని అందులో జొరబడితే నాము పట్టి, అంటే జొన్నలోని సయనైడ్ విషం ఎక్కి, పావుగంటలో పడిపోవచ్చు. అదే బర్రె పత్తికి మందు కలిపిన డ్రమ్ములో మూతి పెట్టినా పడిపోతుంది, యూరియా కరిగించిన గోలెంలో నీళ్లు తాగినా పడిపోతుంది. మూడింటిలోనూ నోట్లో నురగ, వణుకు, ఆయాసం కనిపిస్తాయి. విరుగుడు మాత్రం దేనిది దానికే. ఒకదాన్ని లేపే ఇంజెక్షన్ ఇంకోదాన్ని చంపుతుంది. అందుకే సిరంజి నింపే ముందు రెండు నిమిషాలు పశువును చూడటానికే కేటాయించాలి.

నరానికి ఎక్కించే మందులన్నీ పశువైద్యుడి చేతి పని. మోతాదులు ఇక్కడ ఇస్తున్నది, డాక్టరు వచ్చేలోపు ఏ మందు ఎంత తెప్పించి పెట్టాలో గోపాలమిత్రలకు, రైతులకు, గొర్ల కాపరులకు తెలియడానికి.

డాక్టరు వచ్చేలోపు

పశువును ఆ మేత దగ్గర్నుంచి జరపండి, కానీ తరమొద్దు. నాము పట్టిన పశువు నాలుగడుగులు పరిగెత్తినా అక్కడే కూలుతుంది. మెల్లగా నీడకు నడిపించండి. పడిపోతే పక్కకు ఒరగనివ్వకుండా రొమ్ము ఆనించి కూర్చోబెట్టి, రెండు పక్కలా గడ్డి మోపులో బస్తాలో ఆనిక పెట్టండి. నురగ బయటికి కారిపోయేలా మూతి కిందికి ఉండాలి.

సంచార పశువైద్యశాల నంబరు 1962. ఫోనులో 'బర్రె పడిపోయింది' అని ఊరుకుంటే డాక్టరు ఏ మందు పట్టుకొని రావాలో తెలియదు. ఏం మేసింది, ఎంతసేపయింది, ఎన్ని మేస్తే ఎన్ని పడ్డాయి, చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయి, కంటిపాప చిన్నదైందా పెద్దదైందా, బరువెంత అన్నవి చెప్పండి. బరువుకు కాంటా అక్కర్లేదు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం కొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలిచి, చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే దగ్గరదగ్గరగా కిలోలు వస్తాయి.

నోట్లో ఏమీ పోయొద్దు. మన దగ్గర పశువు పడితే చాలు, ఒకరు నూనె సీసా, ఒకరు మజ్జిగ చెంబు పట్టుకొని వస్తారు. మింగే శక్తి లేని పశువుకు ఏం తాపినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విషం నుంచి బతికి, నాలుగో రోజు న్యుమోనియాతో చచ్చిన పశువులకు కారణం తరచూ ఆ చెంబే. పురుగుల మందు తాగినదానికి నూనె మరీ చేటు. ఆ మందుల్లో చాలావరకు నూనెలో కరిగేవి కాబట్టి ఒంటికి ఇంకా తొందరగా ఎక్కుతాయి.

ఇప్పుడు పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, కింది రెప్ప లాగి లోపలి పొర చూడండి. టమాటా పండులా ఎర్రగా మెరుస్తుంటే నాము. బూడిద, నీలి, గోధుమ రంగుల మధ్య ఏదో ఒకటిగా ఉండి, సూది గుచ్చితే వచ్చిన రక్తం ముదురు గోధుమ రంగులో ఉంటే నైట్రేటు, అదే జొన్న మేతతో వచ్చే ఇంకో విషం. రంగు మామూలుగానే ఉండి, ఎండలో కాకుండా నీడలో చూసినా కంటిపాప సన్నటి గీతలా ముడుచుకుపోతే, పల్చటి పెండ పదేపదే వేస్తుంటే పురుగుల మందు. పొట్ట ఉబ్బి, పశువు అరుస్తూ, మూతి దగ్గర ముక్కు పెడితే ఘాటుగా అమ్మోనియా కొడితే యూరియా. ఈ గుర్తులు బతికున్న పశువులో చూసినవే నమ్మాలి. చచ్చాక కొంతసేపటికి నాము రక్తం కూడా నల్లబడుతుంది.

నాము

జొన్న ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు, పెద్దపొట్టలోని సూక్ష్మజీవుల చేతిలో పడినప్పుడు అది విరిగి హైడ్రోజన్ సయనైడ్ విడుదలవుతుంది. సయనైడ్ కణాలు ప్రాణవాయువు వాడుకునే దారిని మూసేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు నిండుగానే ఉంటుంది, ఒళ్లు మాత్రం దాన్ని తీసుకోలేదు. ఆ ఎరుపుకు కారణం అదే. కిలో బరువుకు సుమారు 2 మిల్లీగ్రాముల సయనైడ్ పశువును చంపడానికి చాలు.

లేత మొక్కలో, ఎండకు వాడిన పైరులో, కోత తర్వాత మోడు నుంచి లేచిన పిలకల్లో విషం ఎక్కువ. ఎక్కువమంది మోసపోయేది పిలకల దగ్గరే. కోసిన చేనేగా అని మంద తోలుతారు, ఒక జల్లు పడి పిలకలు జానెడు లేచిన సంగతి చూడరు. ఆకలి మీదున్న పశువు గబగబా మేస్తుంది కాబట్టి ముందు అదే పడుతుంది. మేసిన పది పదిహేను నిమిషాల్లో బెదురు, ఎగశ్వాస, తూలడం, పడి కాళ్లు కొట్టుకోవడం మొదలవుతాయి. లక్షణాలు కనిపించాక రెండు గంటలు నిలిచిన పశువు చాలావరకు బతుకుతుంది.

విరుగుడు రెండు మందుల జోడీ. మొదట సోడియం నైట్రైట్, కిలోకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు, నరానికి నెమ్మదిగా. అది రక్తంలో కొంత భాగాన్ని ప్రాణవాయువు మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మార్చి, కణాల నుంచి సయనైడ్‌ను లాగేస్తుంది. వెంటనే సోడియం థయోసల్ఫేట్. ఇది సయనైడ్‌ను థయోసయనేట్‌గా మార్చి మూత్రంలో పంపేస్తుంది. పాత పుస్తకాలు పెద్ద పశువుకు 3 గ్రాముల నైట్రైట్, 15 గ్రాముల థయోసల్ఫేట్ అని ఇచ్చాయి. ఇప్పుడు థయోసల్ఫేట్ కిలోకు 500 మిల్లీగ్రాములు, అంటే 300 కిలోల బర్రెకు 150 గ్రాములు ఇస్తున్నారు. తేడా పదింతలు. ఆస్పత్రిలో ఒక్క సీసా ఉంది కదా అని నిశ్చింతగా ఉండే వీల్లేదు. పొట్టలో మిగిలిన మేత ఇంకా విషం వదులుతూనే ఉంటుంది గనక 30 గ్రాముల థయోసల్ఫేట్ నీళ్లలో కలిపి గొట్టంతో పొట్టలోకి కూడా పంపుతారు. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో వాడిన 'హైపో' ఈ పదార్థమే. నరానికి మాత్రం ఇంజెక్షన్‌కు తయారైన శుద్ధమైనదే ఎక్కించాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. జొన్నలో సయనైడే కాదు, నైట్రేటు కూడా పేరుకుంటుంది. యూరియా దండిగా చల్లి, తర్వాత వాన లేక ఎదుగుదల ఆగిన పైరులో మరీను. పెద్దపొట్టలో నైట్రేటు నైట్రైట్‌గా మారి, రక్తాన్ని మెథిమోగ్లోబిన్‌గా మార్చేసి ఉంటుంది. 'జొన్న మేసింది' అన్న ఒక్క మాట విని అలాంటి పశువుకు ఇంకా నైట్రైట్ ఎక్కిస్తే మిగిలిన కాస్త మంచి రక్తమూ పోతుంది. రక్తం రంగు మీద అనుమానముంటే నైట్రైట్ పక్కన పెట్టి థయోసల్ఫేట్ ఒక్కటే ఇవ్వాలి. అదొక్కటే ఇచ్చినా పని చేస్తుంది, నైట్రేటు పశువుకు హానీ చేయదు.

నైట్రేటుకు విరుగుడు మిథిలీన్ బ్లూ. ఒక శాతం ద్రావణం, కిలోకు 4 నుంచి 15 మిల్లీగ్రాములు, నరానికి నెమ్మదిగా. సూది నరం దాటితే అక్కడి కండ చెడుతుంది. పాలు, మూత్రం నీలి రంగుకు తిరుగుతాయి. ఆ పాలు ఎన్నాళ్లు పారబోయాలో డాక్టరును అడిగి, అన్నాళ్లూ పారబోయాల్సిందే. చూడి పశువు బతికినా కొన్ని రోజులకు ఈసుకుపోవచ్చు.

ఈ రెంటికీ ముందుజాగ్రత్త ఒకటి కాదు. జొన్న పూతకు వచ్చాకే కోయడం, వాడిన పైరుకు తడి ఇచ్చి తేరుకున్నాక కోయడం, కోసినదాన్ని బాగా ఎండబెట్టడం, మంద తోలే ముందు వరిగడ్డి వేసి ఆకలి చల్లార్చడం, ఇవన్నీ నాముకు పనికొస్తాయి. నైట్రేటు ఎండబెట్టినా పోదు. అది కాండం అడుగు భాగంలో ఎక్కువ కాబట్టి కొంచెం ఎత్తుగా కోయడం, పాతరేసి సైలేజీ చేయడం మేలు.

పురుగుల మందు

పశువు మందు తాగేది డ్రమ్ములోనే కాదు. పత్తి చేను గట్టు మీది గడ్డి, పంపు కడిగిన నీళ్లు పారిన కాలువ, మందు డబ్బాతో నీళ్లు పోసిన కుడితి తొట్టి కూడా అంతే. అన్నిటికంటే ఎక్కువగా చూసేది, గోమార్లు పోవాలని పైరు మందును పశువు ఒంటికి పూయడం. మోనోక్రోటోఫాస్ లాంటివి చర్మం గుండా లోపలికి పోతాయి. అలాంటప్పుడు మొదటి వైద్యం సబ్బు నీళ్లే. చేతులకు తొడుగులు వేసుకొని ఒళ్లంతా కడగండి. కడగకుండా ఎన్ని సూదులు పొడిచినా విషం ఎక్కుతూనే ఉంటుంది.

మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులకు విరుగుడు అట్రోపిన్. పెద్ద పశువుకు కిలోకు అర మిల్లీగ్రాము, గొర్రెకు ఒక మిల్లీగ్రాము వరకు. అందులో నాలుగో వంతు నరానికి నెమ్మదిగా, మిగతాది చర్మం కింద. లెక్క వేసి చూడండి. 300 కిలోల బర్రెకు 150 మిల్లీగ్రాములు కావాలి. మెడికల్ షాపులో మనుషులకు దొరికే ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాము. అంటే 250 ఆంప్యూళ్లు. పది సూదులు వేసి 'అట్రోపిన్ పనిచేయలేదు' అనడం ఇందుకే. పశువులకని వచ్చే పెద్ద సీసాలు తెప్పించాలి.

ఎప్పుడు ఆపాలన్నది కంటిపాపను చూసి తేల్చొద్దు. చొంగ ఆగి నోరు ఎండటం, ఊపిరిలో గురగుర పోవడం, నెమ్మదించిన గుండె పుంజుకోవడం, ఈ మూడూ వస్తే చాలు. అది దాటి ఇస్తే పెద్దపొట్ట కదలిక ఆగి ఉబ్బరం వస్తుంది. కండరాల అదురు అట్రోపిన్‌తో తగ్గదు, దానికి ప్రాలిడాక్సిమ్, కిలోకు 20 నుంచి 50 మిల్లీగ్రాములు. మొదటి రోజే ఇస్తే ఫలితం, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది. కార్బరిల్ లాంటి కార్బమేట్ మందులకు ప్రాలిడాక్సిమ్ వాడరు, అట్రోపిన్ ఒక్కటే. అందుకే డబ్బా పారేయకుండా డాక్టరుకు చూపించాలి. పొట్టలో ఉన్న మందుకు యాక్టివేటెడ్ బొగ్గు పొడి, కిలోకు ఒకటి రెండు గ్రాములు, నీళ్లలో కలిపి గొట్టంతో. పొయ్యిలో బొగ్గు దంచి పోస్తే అంత పని చేయదు.

యూరియా

అలవాటు లేని పశువుకు కిలోకు అర గ్రాము యూరియా చాలు లక్షణాలు రావడానికి, ఒకటి ఒకటిన్నర గ్రాములు చావుకు. బస్తా కడిగిన బకెట్, డ్రిప్పుకు ఎరువు కరిగించిన డ్రమ్ము మూత లేకుండా ఉంటే అంతే సంగతులు. ఇక్కడ అట్రోపిన్ దండగ. కావాల్సింది పులుపు, చల్లదనం. కిరాణా కొట్లో దొరికే వెనిగర్ పెద్ద పశువుకు 2 నుంచి 6 లీటర్లు, గొర్రెకు అర లీటరు నుంచి లీటరు, దాంతోపాటు పెద్ద పశువుకు 20 నుంచి 40 లీటర్ల చల్లటి నీళ్లు, గొట్టం ద్వారా. గాఢమైన ఎసిటిక్ యాసిడ్ దొరికితే ఒక వంతుకు 19 వంతుల నీళ్లు కలపకుండా వాడొద్దు, గొంతు కాలిపోతుంది. ఉబ్బరం మరీ ఎక్కువైతే ముందు గాలి తీయాలి.

విరుగుడు లేనివి

ఆముదం గింజ, ఆముదం పిండి అలాంటివే. ఎరువుకు తెచ్చిన ఆముదం పిండి బస్తాను పల్లి పిండి బస్తా పక్కన పెట్టడం నల్లగొండ, పాలమూరు ఇళ్లలో మామూలే. తిన్న కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల్లో రక్త విరేచనాలు పట్టుకుంటాయి. బొగ్గు పొడి, సెలైన్లు తప్ప వేరే దారి లేదు. ఆకు మేస్తే తూలుడు, వణుకు వచ్చినా చాలావరకు తేరుకుంటాయి. ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్‌కూ విరుగుడు లేదు. పొట్టలోని ఆమ్లం తగిలితేనే దాన్నుంచి విషవాయువు పుడుతుంది కాబట్టి వెనిగర్ లాంటి పులుపు అసలు ఇవ్వకూడదు, వంటసోడా ఇస్తారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు అరిగి కుంటే పశువులకు మందు నీళ్లు మార్చడమే.

చచ్చిన పశువు దగ్గర

ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే కోయొద్దు, దొమ్మ (ఆంత్రాక్స్) అయి ఉండొచ్చు. గొర్లు మేతకు పోయి టపటపా పడితే చిటుక రోగమా అన్నది కూడా చూడాలి, ప్రతిదీ విషం కాదు.

విషమేనని అనుమానముంటే పెద్దపొట్టలోని మేత అరకిలో, కాలేయం ముక్క వేర్వేరు సీసాల్లో మూత బిగించి ఐసులో పెట్టి పంపాలి. సయనైడ్ గాలిలో కలిసిపోతుంది కాబట్టి మూత వదులైతే ల్యాబులో ఏమీ తేలదు. ఫార్మలిన్ పోస్తే ఆ నమూనా విష పరీక్షకు పనికిరాదు. బీమా ఉంటే చెవి పోగు తీయకండి, పోస్టుమార్టం కాగితం లేకుండా పూడ్చకండి. ఎవరో కావాలని పెట్టారనుకుంటే నమూనా తీయకముందే పోలీసు పంచనామా కావాలి. ఆ తర్వాత ఆరడుగుల గుంతలో సున్నం చల్లి పూడ్చేయాలి. మాంసం పంచుకోవద్దు, కుక్కలకూ వేయొద్దు.