పొడుగు ఇంగ్లిష్ మాటలను విడగొట్టి, సరైన చోట నొక్కి పలకడం ఎలా?

‘స్కూల్’ ఇంగ్లిష్‌లో ఒక్కటే సిలబుల్, అంటే ఒక్క ఊపులో పలికే ముక్క. వరంగల్ చుట్టుపక్కల ‘ఇస్కూలు’ అన్నామంటే మూడు: ముందు ‘ఇ’, చివర ‘ఉ’ వచ్చి చేరాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు అది తప్పేమీ కాదు. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు మాత్రం లెక్క అక్కడే తప్పుతుంది. కాబట్టి ముందు ఆ అదనపు అచ్చులు తీసేయండి.

తర్వాత లెక్క. గడ్డం కింద అరచేయి అడ్డం పెట్టి మాటను నిదానంగా పలకండి. దవడ దిగిన ప్రతిసారీ ఒక సిలబుల్. ‘ఇ, ఈ’ల దగ్గర దవడ పెద్దగా కదలదు, అక్కడ సిలబుల్‌కు ఒకటి చొప్పున చప్పట్లు కొట్టి లెక్కపెట్టడమే నయం. యూ-ని-వర్-సి-టీ: ఐదు. స్పెల్లింగ్ చూసి లెక్కపెట్టొద్దు. వెజిటబుల్ పలుకులో వెజ్-ట-బుల్, మూడే.

ఇప్పుడు మాట తోక చూడండి. షన్, ఇక్ ఉంటే దానికి ముందున్న సిలబుల్‌ను నొక్కాలి: ఎడ్యుకేషన్‌లో ‘కే’, ఎకనామిక్‌లో ‘నా’. ఇటీ, గ్రఫీ, లజీ అయితే చివరి నుంచి మూడోది: యూనివర్సిటీలో ‘వర్’. ఇంజనీర్, వాలంటీర్‌లలో తోకనే నొక్కాలి. టెలివిజన్, పాలిటిక్స్ ఈ లెక్కకు లొంగవు, రెండింటిలోనూ మొదటిదే. అనుమానం వస్తే డిక్షనరీలో చిన్న నిలువు గీత వెతకండి. చాలావాటిలో పైన ఉన్న గీత తర్వాతి సిలబులే నొక్కాల్సింది. కింద ఉన్న గీతది రెండో స్థాయి బరువు.

బడిలో పద్యాలకు పెట్టిన గురులఘువుల గుర్తులు ఇక్కడ పనికొస్తాయి. ఫోటోగ్రాఫ్‌లో మొదటిది గురువు, ఫొటాగ్రఫీలో రెండోది, ఫోటోగ్రాఫిక్‌లో మూడోది. అయితే దీర్ఘం, సంయుక్తాక్షరం చూసి గురువు పెట్టే ఛందస్సు సూత్రం మాత్రం ఇక్కడ మరిచిపోండి.

అసలు చిక్కు నొక్కని చోట ఉంది. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం. అందుకే హన్మకొండలో కాకతీయ యూనివర్సిటీ పేరు చెబితే ఆ ఐదు సిలబుల్సూ ఒకే బరువుతో వస్తాయి. ‘వర్’ దగ్గర గొంతు కాస్త పైకి లేవాలి, అచ్చు సాగాలి, పక్కవి నలిగిపోవాలి. ఫొటాగ్రఫీలో ముందున్న ‘ఫొ’ నోట్లో దాదాపు ‘ఫ’ అయిపోతుంది: ఫ-టా-గ్ర-ఫీ. రబ్బర్ బ్యాండును రెండు చేతుల్లో పట్టుకుని, నొక్కే సిలబుల్ దగ్గర మాత్రమే లాగండి. రెండుచోట్ల లాగుతున్నారంటే, తప్పు ఎక్కడో మీకే తెలుస్తుంది.

మాట మరీ పొడుగైతే చివరి నుంచి కట్టుకురండి: నే-షన్, మి-నే-షన్, జా-మి-నే-షన్, ఇగ్-జా-మి-నే-షన్. ఒక్కోటి మూడుసార్లు. ‘నే’ మీద బరువు సడలితే ఒక మెట్టు వెనక్కి వచ్చి మళ్లీ అనండి.