రిమోట్ హెలికాప్టర్ నేర్చుకుందాం – 3వ పాఠం: మొదటి సింగిల్ రోటార్ హెలి ఏది కొనాలి?

కిందటి పాఠంలో ఒక పని అప్పజెప్పాను. సిమ్యులేటర్‌లో హెలి తోకను మనవైపు ఉంచి, పదిహేను సెకన్లపాటు ఒకేచోట గాల్లో నిలబెట్టమన్నాను. అది కుదిరినవాళ్ళకు ఇప్పుడు చేతులు దురదపెడుతూ ఉంటాయి. కుదరనివాళ్ళు ఈ పాఠం చదవచ్చు కానీ ఇంకో వారం ఆగి కొనండి. సిమ్యులేటర్‌లో పడితే ఒక బటన్ నొక్కితే సరిపోతుంది. బయట పడితే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి.

నా సంగతి చెప్పి మొదలుపెడతాను. నా మొదటి హెలి 450 క్లాస్ కిట్. రెక్క ఒక్కొక్కటి 325 మిల్లీమీటర్ల పొడవు. ఒక పేరున్న మోడల్‌కు చవక నకలు అది. ఇంత పెద్దది ఇంత తక్కువకు వస్తుంటే చిన్నదెందుకు అనుకున్నాను. నేల మీది నుంచి లేచి నాలుగు సెకన్లు ఉందో లేదో, పక్కకు వాలి నేలను కొట్టింది. రెండు రెక్కలు, మెయిన్ షాఫ్ట్, రోటార్ తలలోని అడ్డ షాఫ్ట్, తోక గొట్టం, పెద్ద గేర్ పళ్ళు, అన్నీ ఒకే దెబ్బకు పోయాయి. అవన్నీ తెప్పించి, మళ్ళీ బిగించి, స్వాష్‌ప్లేట్ (రెక్కల వాలు మార్చే పళ్ళెం) సరిచేసుకునేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఎగరేయడం గురించి నేను నేర్చుకున్నది సున్నా.

అందుకే ఈ పాఠమంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. హెలి ధర ఎంత అని కాదు, ఒకసారి పడితే ఎంత అవుతుంది, ఎన్నాళ్ళు ఆగాలి అని. మొదటి నెలలో అది పడుతూనే ఉంటుంది, అందులో సందేహం లేదు.

ముందు అది నిజంగా సింగిల్ రోటారేనా?

బొమ్మల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే చవక హెలికాప్టర్లలో చాలావాటికి ఒకదానిపైన ఒకటి రెండు జతల రెక్కలు ఉంటాయి. అవి ఎదురుబొదురుగా తిరుగుతూ ఒకదాని మెలితిప్పే బలాన్ని మరొకటి రద్దు చేసుకుంటాయి. వీటిని కోఆక్సియల్ అంటాం. గదిలో బుద్ధిగా నిలబడతాయి, చిన్నపిల్లలకు బాగుంటాయి. మన పాఠాలకు మాత్రం పనికిరావు. మనకు కావలసిన సింగిల్ రోటార్‌లో పైన తిరిగే రెక్కల అమరిక, అంటే రోటార్, ఒక్కటే ఉంటుంది.

ఫొటోలో పై రెక్కలు సరిగా కనిపించకపోతే తోక చూడండి. తోక చివరి చిన్న ఫ్యాన్ ఆకాశంవైపు చూస్తూ ఉంటే అది ముక్కును పైకీ కిందికీ వంచడానికి పెట్టింది. అలాంటిది కోఆక్సియల్ బొమ్మ. ఫ్యాన్ పక్కకు చూస్తూ ఉంటే అది మెయిన్ రోటార్ మెలితిప్పడాన్ని అడ్డుకునే అసలైన తోక రోటార్. తర్వాత రోటార్ తల కింద స్వాష్‌ప్లేట్, దానికి సన్నని కడ్డీలు ఉన్నాయో లేదో చూడండి. ఇక ఛానళ్ళ సంఖ్య. కనీసం నాలుగు ఉండాలి: పైకి-కిందికి, ముక్కు తిప్పడం, ముందుకు-వెనక్కి, పక్కలకు. 'మూడున్నర ఛానళ్ళు' అని రాసి ఉంటే పక్కలకు జరిపే నియంత్రణ లేదని అర్థం. ఆ 'అర' చాలాసార్లు ఒక లైటు స్విచ్ మాత్రమే!

ఫిక్స్‌డ్ పిచ్, కలెక్టివ్ పిచ్

ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం. డబ్బు మిగిలేదీ తగలబడేదీ ఇక్కడే.

ఫిక్స్‌డ్ పిచ్ హెలిలో రెక్కల వాలు మొత్తంగా పెంచడం, తగ్గించడం ఉండదు. పైకి లేవాలంటే రోటార్ వేగం పెరగాలి, దిగాలంటే తగ్గాలి. స్టిక్ కదిపాక ఫలితం కనబడటానికి ఒక క్షణం పడుతుంది. తలకిందులుగా ఎగరదు, గాలి కొడితే కొట్టుకుపోతుంది. కానీ లోపల కదిలే భాగాలు తక్కువ, ఊడేవీ తక్కువే. పడే ముందు థ్రాటిల్ (మోటార్ వేగం పెంచే, తగ్గించే స్టిక్) సున్నాకు తెస్తే రోటార్ మెత్తబడిపోతుంది. ఈ రకం చిన్న హెలి కార్పెట్ మీద వందసార్లు పడినా లేచి ఎగురుతుంది.

కలెక్టివ్ పిచ్‌లో రోటార్ వేగం దాదాపు స్థిరంగా ఉంటుంది. స్టిక్ కదిపితే రెండు రెక్కల వాలూ ఒకేసారి మారుతుంది, అదీ ప్లస్ వైపు, మైనస్ వైపు. స్పందన వెంటనే ఉంటుంది, గాలిని తట్టుకుంటుంది, తలకిందులు విన్యాసాలు చేస్తుంది. దీనికి సాధారణంగా ఆరు ఛానళ్ళు కావాలి. చిక్కేమిటంటే, కంగారులో స్టిక్ పూర్తిగా కిందికి లాగితే, ముఖ్యంగా విన్యాసాల మోడ్‌లో, రెక్కలు మైనస్ వాలుకు వెళ్ళి హెలిని నేలకేసి కొడతాయి. అందుకే దీని రిమోట్‌లో 'థ్రాటిల్ హోల్డ్' స్విచ్ తప్పనిసరి. పడబోతోందని తెలిసిన వెంటనే అది నొక్కితే మోటార్ ఆగుతుంది, గేరూ, స్వాష్‌ప్లేట్‌ను కదిపే చిన్న మోటార్లైన సర్వోలూ బతుకుతాయి. ఆ స్విచ్ మీదికి వేలు దానంతటదే పోవాలంటే కొన్ని వారాల అభ్యాసం కావాలి.

బడ్జెట్ తక్కువైతే నా సలహా ఫిక్స్‌డ్ పిచ్‌తో మొదలుపెట్టమనే. సిమ్యులేటర్‌లో ముప్ఫై, నలభై గంటలు కూర్చున్నవాళ్ళు నేరుగా చిన్న కలెక్టివ్ పిచ్‌కు వెళ్ళవచ్చు, వాళ్ళను ఆపను. 'ఎలాగూ తర్వాత కలెక్టివ్ కొనాలి కదా, ఇప్పుడే కొంటే ఒక ఖర్చు మిగులుతుంది' అనే లెక్క మాత్రం నేను నమ్మను. ఆ లెక్కతోనే నేను 450 కొన్నాను.

పాత మోడళ్ళలో రోటార్‌కు అడ్డంగా చివర బరువులున్న ఒక కడ్డీ కనిపిస్తుంది. అది ఫ్లైబార్. 1940ల్లో బెల్ హెలికాప్టర్ల కోసం ఆర్థర్ యంగ్ రూపొందించిన స్థిరత్వ కడ్డీకి దగ్గర చుట్టం. ఇప్పుడు ఆ పని చిన్న బోర్డు మీది జైరోలు (హెలి తిరగడాన్ని పసిగట్టే సెన్సర్లు) చేస్తున్నాయి. మూడు యాక్సిస్‌లు అంటే మూడు దిశల జైరోలు. ఆరు యాక్సిస్‌లు అంటే వాటికి తోడు ఏది కిందో తెలుసుకునే యాక్సిలరోమీటర్లు కూడా ఉంటాయి కాబట్టి, స్టిక్ వదిలేస్తే హెలి తనంతట తాను సమంగా నిలబడుతుంది. మొదటి హెలికి ఈ ఆరు యాక్సిస్‌ల రకం హాయి. ఒకటే నియమం, బ్యాటరీ పెట్టేటప్పుడు హెలి చదునైన చోట కదలకుండా ఉండాలి. ఆ రెండు మూడు సెకన్లలోనే 'సమం' అంటే ఏమిటో అది నిర్ణయించుకుంటుంది.

సైజు

చిన్నది చౌక, పైగా దెబ్బ తక్కువ తింటుంది. అరచేతిలో పట్టే హెలి బరువు కొన్ని పదుల గ్రాములే. అది గోడకు తగిలితే చిన్న చప్పుడు, అంతే. పెద్దది తగిలితే సంగతి వేరు. 2013లో న్యూయార్క్‌లో పెద్ద సైజు రిమోట్ హెలి రెక్కలు తగిలి, దాన్ని ఎగరేస్తున్న 19 ఏళ్ళ యువకుడే చనిపోయాడు. అతనికి అనుభవం లేక కాదు. 450, అంతకు మించిన సైజులను ఈ పాఠాల చివరిదాకా ముట్టుకోం. చిన్నదానితో ఎగరేసినా రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోండి.

చిన్నదాని లోటు గాలి. ఆరుబయట ఆకులు కదులుతున్నాయంటే బయటికి తీయకండి. ఖాళీ హాలు దొరికితే మీ అంత అదృష్టవంతులు లేరు.

పేర్లు చెప్పమంటారా

చెబుతాను, కానీ మోడళ్ళు మారుతూ ఉంటాయి కాబట్టి పేరుకన్నా రకం గుర్తుపెట్టుకోండి.

డబ్ల్యూఎల్‌టాయ్స్ వీ911ఎస్: నాలుగు ఛానళ్ళు, ఫిక్స్‌డ్ పిచ్, ఫ్లైబార్ లేదు, ఆరు యాక్సిస్‌ల జైరో. బ్యాటరీ 3.7 వోల్టులు, 250 ఎంఏహెచ్. ఒక్కసారి చార్జ్ చేస్తే ఆరేడు నిమిషాలు ఎగురుతుంది. విడిభాగాలు విరివిగా దొరుకుతాయి. బడ్జెట్ అన్న మాట ఉన్నంతకాలం నేను మొదట చెప్పే పేరు ఇదే.

దాని పై మెట్టు ఎక్స్‌కే కే110. ఆరు ఛానళ్ళ కలెక్టివ్ పిచ్, మెయిన్ మోటార్ బ్రష్‌లెస్, అంటే లోపల అరిగే బ్రష్‌లు లేనిది. స్విచ్‌తో సమంగా నిలబడే మోడ్‌కూ విన్యాసాల మోడ్‌కూ మారవచ్చు. తోక మోటార్ మాత్రం చిన్న బ్రష్డ్ మోటారే. అది అరిగిపోయే సరుకు, రెండు అదనంగా కొని పెట్టుకోవాలి. ఆ పైన ఓఎంపీ హాబీ ఎం2 లాంటివి, మెయిన్ రోటార్‌కూ తోకకూ బ్రష్‌లెస్ మోటార్లు ఉన్నవి. బాగుంటాయి, కానీ రెండో హెలిగా.

ఎత్తును తానే పట్టి ఉంచే బారోమీటర్ రకం హెలికాప్టర్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి, సీ127 లాంటివి. స్టిక్ మధ్యలో వదిలేస్తే ఎత్తు మారదు. చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. కానీ థ్రాటిల్ మీద ఎడతెగని చిన్న చిన్న సవరణలు చేయడమే మనం నేర్చుకోవలసిన విద్య. ఆ పని యంత్రానికి అప్పగిస్తే, అది లేని హెలి చేతికి వచ్చిన రోజు మళ్ళీ మొదటికి వస్తాం. సరదాకు కొనుక్కోండి, నేర్చుకోవడానికి వద్దు.

డబ్బును పది భాగాలు చేయండి

హెలికీ రిమోట్‌కీ ఆరు భాగాలు మించకూడదు. రెండు భాగాలు బ్యాటరీలకు, రెండు విడిభాగాలకు. ఉన్నదంతా హెలి మీదే పెట్టేసి, ఒక్క బ్యాటరీతో మొదలుపెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. ఆరు నిమిషాలు ఎగరేసి ముప్పావుగంట చార్జింగ్ కోసం కూర్చుంటే చేయి ఎప్పుడు తిరుగుతుంది? నాలుగైదు బ్యాటరీలు ఉండాలి. అలాగని ఒకదాని వెంట ఒకటి గుప్పించకండి. బ్రష్డ్ మోటార్లు వేడెక్కుతాయి, మధ్యలో పది నిమిషాలు చల్లారనివ్వండి. లిథియం పాలిమర్ సెల్ నిండితే 4.2 వోల్టులు. నాలుగు రోజులు వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బినదాన్ని 'ఇంకొక్కసారి' అని కూడా వాడకూడదు.

డబ్బు కాస్త ఎక్కువ ఉందా, అది హెలి మీద కాదు, రిమోట్ మీద పెట్టండి. రెండు పద్ధతుల్లో అమ్ముతారు. రిమోట్‌తో కలిపి ఎగరడానికి సిద్ధంగా ఉన్నది ఆర్‌టీఎఫ్, రిమోట్ లేకుండా వచ్చేది బీఎన్‌ఎఫ్. పెట్టెలో వచ్చే రిమోట్ చాలాసార్లు ఆ ఒక్క హెలికే పనికొస్తుంది. పలు ప్రోటోకాళ్ళు (రిమోట్, హెలి మాట్లాడుకునే రేడియో భాషలు) తెలిసిన ట్రాన్స్‌మిటర్, అంటే విడిగా అమ్మే రిమోట్, కొంటే, అది వీ911ఎస్‌ను నడుపుతుంది, ఫుటబా ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ అనే ప్రోటోకాల్ ద్వారా కే110ను నడుపుతుంది, యూఎస్‌బీ తీగతో సిమ్యులేటర్‌కూ కలుస్తుంది. హెలికాప్టర్లు వస్తుంటాయి, విరుగుతుంటాయి. మంచి ట్రాన్స్‌మిటర్ పదేళ్ళు ఉంటుంది. ఏదైనా సరే, మోడ్ 2 అని అడిగి తీసుకోండి. మన పాఠాలన్నీ థ్రాటిల్ ఎడమచేతిలో ఉందనుకునే సాగుతాయి.

సెకండ్ హ్యాండ్ దొరికితే మూడు పరీక్షలు. బ్యాటరీ తీసి రోటార్‌ను వేలితో మెల్లగా తిప్పండి, పెద్ద గేర్ పైకీ కిందికీ ఊగితే షాఫ్ట్ వంగింది. స్వాష్‌ప్లేట్‌ను రిమోట్‌తో అన్ని వైపులా వంచి చూడండి, ఎక్కడైనా తడబడితే సర్వో పళ్ళు పోయాయి. చివరగా, సర్వోలు రిసీవర్ బోర్డు మీదే అతికి ఉన్నాయా చూడండి. కొన్ని చిన్న మోడళ్ళలో అంతే ఉంటుంది, ఒక్క సర్వో పోతే మొత్తం బోర్డే మార్చాలి.

ఇంకొక సంగతి. గాల్లో నిలబెట్టినప్పుడు హెలి కొద్దిగా కుడివైపు ఒరిగి కనిపిస్తే పాడైందని వెనక్కి పంపేయకండి. తోక రోటార్ గాలిని ఒక పక్కకు నెడుతుంది, దాంతో హెలి మొత్తం ఎడమకు జారబోతుంది. అది జారకుండా ఉండాలంటే కాస్త కుడికి వంగాల్సిందే. పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో రోటార్ తిరిగే హెలికాప్టర్లన్నిటికీ ఇది సహజం.

ఈ వారం పని

మీకు నచ్చిన మూడు హెలికాప్టర్లు రాసుకోండి. ఒక్కొక్కదానికి మెయిన్ రెక్కల జత, మెయిన్ షాఫ్ట్, పెద్ద గేర్, తోక ఫ్యాన్, ఈ నాలుగింటి ధర వెతికి కూడండి. ఇదే మీ 'పతనం ధర'. హెలి ధరలో పదోవంతు దాటితే దాన్ని కొట్టేయండి. నాలుగింటిలో ఒక్కటి అమ్మకానికి దొరక్కపోయినా కొట్టేయండి, అది ఎంత చవగ్గా వస్తున్నా సరే. మిగిలినదాన్ని తెప్పించుకోండి. పార్సిల్ వస్తే విప్పి చూసుకోండి, స్క్రూలు లెక్కపెట్టుకోండి. బ్యాటరీ మాత్రం ఇంకా పెట్టొద్దు. 4వ పాఠం మొత్తం బ్యాటరీ పెట్టకముందు బల్ల మీద చేయాల్సిన పరీక్షలే.