మెత్తబడ్డ గ్రనోలాతో కొబ్బరి అచ్చులు, పెరుగు కప్పు

వానాకాలంలో కోనసీమ గాలికి, డబ్బా తెరిచిన నాలుగు రోజులకే గ్రనోలా (ఓట్స్, గింజలు తీపి పట్టించి కాల్చిన కరకర మిశ్రమం) మెత్తబడుతుంది. అందులోని తేనె, బెల్లం చెమ్మను లాక్కుంటాయి. పారెయ్యక్కర్లేదు. కిస్‌మిస్ ఏరి పక్కన పెట్టి (వేడికి చేదెక్కుతుంది), అడుగు మందపు మూకుడులో సన్నసెగ మీద 6–8 నిమిషాలు కలుపుతూ వేయించండి. వేడి మీద మెత్తగానే ఉంటుంది, కరకర చల్లారాకే వస్తుంది. ఇంకా మెత్తగా ఉందని వేయిస్తూ పోతే మాడుతుంది.

అచ్చులకి 200 గ్రాముల గ్రనోలా, 120 గ్రాముల బెల్లం, 3 చెంచాల నీళ్లు, చెంచా నెయ్యి, గుప్పెడు కొబ్బరి కోరు. పచ్చికొబ్బరైతే తడి పోయేదాకా విడిగా వేయించాలి. బెల్లం కరగగానే వడకట్టండి, ఇసుక ఉంటుంది. నావి మొదట సాగిపోయింది పాకం వల్లే: తీగపాకానికే దించేశాను. చన్నీళ్లలో వేసిన పాకం ఉండ కట్టి, పళ్లేనికేసి కొడితే టంగుమనాలి. అప్పుడు పొయ్యి ఆపి గ్రనోలా, కొబ్బరి, కిస్‌మిస్, నెయ్యి వేసి గబగబా కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో అదమండి. గోరువెచ్చగా ఉండగానే గాట్లు పెట్టాలి. చల్లారితే ముక్కలు చెక్కలవుతాయి.

పాకం గొడవ వద్దనుకుంటే, అర కిలో గేదె పెరుగు గుడ్డలో 3 గంటలు వేలాడదీసి, బెల్లం తురుము, యాలకుల పొడి, చక్కెరకేళి ముక్కలు కలపండి. గ్రనోలా మాత్రం తినేముందే చల్లాలి.