ఫాతిమా మాత రెండు యూరోల నాణెం: కొనేముందు, కొన్నాక

కాజీపేట ఫాతిమా మాత గుడికి వెళ్లేవాళ్లలో నాణేలు దాచుకునే అలవాటున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ నాణెం గురించి అడుగుతారు, అందుకే నాకు తెలిసింది చెప్తున్నా.

పోర్చుగల్‌లోని ఫాతిమాలో 1917 మే 13న లూసియా, ఫ్రాన్సిస్కో, జసింత అనే ముగ్గురు గొర్రెలు కాసే పిల్లలకు మరియమాత తొలిసారి దర్శనమిచ్చింది. దానికి నూరేళ్లు నిండాయని 2017లో వాటికన్ రెండు యూరోల నాణెం తెచ్చింది. దానిమీద ఉన్నది ఆ ముగ్గురు పిల్లలే. ఆ ఏడాది మే 13నే పోప్ ఫ్రాన్సిస్ ఫాతిమాకు వెళ్లి ఫ్రాన్సిస్కోనీ జసింతనీ పునీతులుగా ప్రకటించారు, నాకు ఈ నాణెం మీద ఇంత ఇష్టం అందుకే.

యూరప్‌లో మనవాళ్లుంటే చిల్లరలో వెతకమని చెప్పకండి, దాదాపు దొరకదు. వాటికన్ దీన్ని ఫోల్డర్‌లో పెట్టి, ముఖవిలువ కంటే ఎక్కువ ధరకే అమ్మింది. కాబట్టి నాణేల షాపులో ఫోల్డర్‌తో సహా కొని, వచ్చేటప్పుడు తెమ్మనండి. బంగారు పూత పూసినవి, రంగులద్దినవి కనిపిస్తాయి, అవి వాటికన్ చేసినవి కావు, విడిగా ఎవరో చేసి అమ్ముతారు. నేనూ ఒకసారి అలాంటిదే కొని చాలా బాధపడ్డాను, ఆ పూత తీయబోతే నాణెమే పాడవుతుంది.

విడి నాణెం అయితే ముందు తూకం వేయించండి. మిల్లీగ్రాముల దాకా చూపించే నగల షాపు తూకం చాలు: 8.5 గ్రాములు ఉండాలి. అడ్డంగా కొలిస్తే 25.75 మిల్లీమీటర్లు. అంచు చుట్టూ 2 అంకె, పక్కన నక్షత్రం, ఇలా ఆరుసార్లు, ఒకటి నిలువుగా ఒకటి తలకిందులుగా వస్తాయి. అయస్కాంతం పెడితే నడిమి భాగం కొంచెం లాగినట్టుంటుంది, బయటి వెండిరంగు రింగుకి మాత్రం అంటుకోదు. రింగు కూడా గట్టిగా అతుక్కుంటే కొనకండి.

ఇంటికొచ్చాక దయచేసి చింతపండుతో తోమకండి! బట్టతో కూడా తుడవద్దు, మెరుపు పోతే మళ్లీ రాదు. ఫోల్డర్‌లో ఉన్నదాన్ని అలాగే ఉంచేయండి. విడిగా ఉంటే వేళ్లతో అంచు పట్టుకుని 26 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో పెట్టండి, మెత్తటి పీవీసీ కవర్లలో వద్దు, కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది. విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో అయితే డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలానికి ముందు మార్చండి.