ఆటల పీరియడ్‌లో స్కోరు రాసే పిల్లవాడి కోసం: క్రీడల ద్వారా వికలాంగుల హక్కులు సాధించే పద్ధతి

ఆటల పీరియడ్ మొదలవగానే చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడి చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి, "నువ్వు స్కోరు రాయి నాన్నా" అని చెట్టు కింద కూర్చోబెట్టడం మన బడులలో తరచుగా కనిపించే దృశ్యం. ఉపాధ్యాయులు ఆ పని ప్రేమతోనే చేస్తారు. ఆ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఆ పిల్లవాడు పదో తరగతి పూర్తయ్యేనాటికి ఒక్కసారి కూడా బంతి పట్టకుండానే బడి విడిచి వెళ్తాడు. అతనిని మైదానంలోకి తీసుకురావాలనుకునే తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయులు, వికలాంగుల సంఘాల బాధ్యులు ఆ పనిని ఎక్కడ మొదలుపెట్టి ఎలా కొనసాగించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టాన్ని చేతిలో పెట్టుకోండి

అధికారి దగ్గరికి వెళ్లే ముందు వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని రెండు సెక్షన్లు మీకు కంఠతా వచ్చి ఉండాలి. 30వ సెక్షన్ అందరికీ తెలిసినదే: వైకల్యం ఉన్నవారు క్రీడలలో పాల్గొనేలా చర్యలు తీసుకోవడం, మైదానాలను వారికి అనువుగా మార్చడం, నిధులు కేటాయించడం, పోటీలు నిర్వహించి బహుమతులు ఇవ్వడం ప్రభుత్వానికీ క్రీడా సంస్థలకూ విధి అని అది చెబుతుంది. బడి విషయంలో అంతకంటే సూటిగా పనిచేసేది 16వ సెక్షన్. ప్రభుత్వ నిధులు అందుకునే, లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతి విద్యాసంస్థా వైకల్యం ఉన్న పిల్లలను చేర్చుకోవడమే కాక, మిగతా పిల్లలతో సమానంగా ఆటలకూ వినోదానికీ అవకాశం కల్పించాలని అందులో ఉంది. గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా ఈ పరిధిలోకి వస్తుందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

ఈ చట్టం వెనుక ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక ఉంది. భారతదేశం దానిపై 2007 మార్చి 30న సంతకం చేసి, అదే ఏడాది అక్టోబరు 1న ధ్రువీకరించింది. దాని 30వ అధికరణంలోని ఐదో భాగం క్రీడల గురించినది. సాధారణ క్రీడలలో అన్ని స్థాయిలలోనూ పాల్గొనే అవకాశం, వైకల్యానికి తగిన ప్రత్యేక క్రీడలను తామే నిర్వహించుకునే అవకాశం, క్రీడా ప్రాంగణాలలోకి ప్రవేశం, బడిలో జరిగే ఆటలలో పిల్లలకు సమాన స్థానం, ఇవన్నీ అందులో విడివిడిగా ఉన్నాయి. కలిసి ఆడటమూ ప్రత్యేకంగా ఆడటమూ రెండూ హక్కులేనని, ఒకటి ఇచ్చామని చెప్పి రెండోదాన్ని ఆపడానికి వీల్లేదని దీన్నిబట్టి మీరు వాదించవచ్చు.

ఈ ఒడంబడికను రాసిన తీరులో మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది. 2001లో మెక్సికో చేసిన ప్రతిపాదనతో చర్చలకు దారి ఏర్పడింది. చర్చల కమిటీకి మొదట ఈక్వడార్ రాయబారి లూయిస్ గాయెగోస్, తరువాత న్యూజిలాండ్ రాయబారి డాన్ మెకే అధ్యక్షత వహించారు. 2004 జనవరిలో ముసాయిదాను సిద్ధం చేసిన కార్యబృందంలో 27 ప్రభుత్వాలతో పాటు 12 స్వచ్ఛంద సంస్థలకు, ఒక జాతీయ మానవ హక్కుల సంస్థకు కూడా స్థానం ఇచ్చారు. "మా ప్రమేయం లేకుండా మా గురించి ఏదీ వద్దు" అన్న నినాదం ఆ గదిలో కుర్చీల లెక్కగా మారింది. దౌత్యవేత్తలు వాక్యాలు కూర్చడంలో నేర్పరులు కావచ్చు కానీ, చూపు లేనివారికి, వినికిడి లేనివారికి మైదానంలో ఏది అడ్డు వస్తుందో ఆ గదిలో చెప్పగలిగింది ఆ అడ్డును దాటుతున్నవారే. మీ ఊరి కమిటీని కూడా అలాగే ఏర్పాటు చేయండి: అందులో సగానికి పైగా సభ్యులు వైకల్యం ఉన్నవారే కావాలి, మేధోవైకల్యం ఉన్నవారికి, వారి తల్లిదండ్రులకు కూడా అందులో చోటు ఉండాలి. వికలాంగుల క్రీడలపై చర్చించడానికి పిలిచిన ఒక సమావేశం లిఫ్టు లేని భవనం మొదటి అంతస్తులో జరగడం నేను చూశాను. చక్రాల కుర్చీలో వచ్చిన ఇద్దరు యువకులు చర్చ ముగిసేదాకా కిందనే ఉండిపోయారు. కమిటీలో వారిలో ఒక్కరు ఉన్నా ఆ గదిని ఎంచుకునేవారు కాదు.

మైదానాన్ని కొలవండి

వినతిపత్రం రాయకముందే టేపు పట్టుకుని మైదానానికి వెళ్లండి. "సౌకర్యాలు లేవు" అని రాస్తే "పరిశీలిస్తాము" అన్న జవాబు వస్తుంది. అంకెలు రాస్తే దానికి జవాబు చెప్పక తప్పదు. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ద్వారం వెడల్పు 90 సెంటీమీటర్లు ఉన్నదా, మరుగుదొడ్డిలో చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర ఖాళీ ఉన్నదా, మంచినీటి కుళాయి కూర్చున్నవారికి అందుతుందా అని చూడండి. మరుగుదొడ్డిని చివరన చూద్దామని వదిలేయకండి. ఆడపిల్లలు సాధనకు రావడం మానేయడానికి అన్నిటికంటే ముందు కారణమయ్యేది అదేనన్నది నా అనుభవం.

ప్రస్తుతమున్న ప్రజా భవనాలన్నిటినీ, నిబంధనలు వెలువడిన నాటి నుంచి ఐదేళ్లలోగా అందరికీ అందుబాటులోకి తేవాలని చట్టంలోని 45వ సెక్షన్ చెబుతుంది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడ్డాయి. అంటే గడువు 2022లోనే ముగిసింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందుబాటు ప్రమాణాలను కేవలం సలహాలుగా మిగిల్చిన 15వ నిబంధన చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. స్టేడియంలో ర్యాంపు అడిగేటప్పుడు ఈ తీర్పును ఒక వాక్యంలో ప్రస్తావించండి.

ఉన్న కోర్టులలోనే ఆటలు మొదలుపెట్టండి

"ప్రత్యేక మైదానం కావాలి, నిధులు లేవు" అన్న జవాబుకు మీ దగ్గర సమాధానం సిద్ధంగా ఉండాలి. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. చూపు లేనివారు ఆడే గోల్‌బాల్ కోర్టు కొలత కూడా సరిగ్గా అంతే. బ్యాడ్మింటన్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు ఉంటుంది కనుక, గురి బంతికి దగ్గరగా బంతులు వేసే బోషియా ఆటకు కావలసిన 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు కోర్టు దానిలో ఇమిడిపోతుంది. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుతో కూర్చుని ఆడే వాలీబాల్ కోర్టు కూడా అందులోనే పడుతుంది. కూర్చుని ఆడే వాలీబాల్‌లో వల ఎత్తు పురుషులకు 1.15 మీటర్లు, స్త్రీలకు 1.05 మీటర్లు. పాత వలను కిందికి దించి కడితే చాలు.

గోల్‌బాల్‌లో జట్టుకు ముగ్గురు. లోపల గజ్జెలున్న 1.25 కిలోల బంతిని నేల మీద దొర్లిస్తారు, ఎదుటివారు శబ్దాన్ని బట్టి దానికి అడ్డంగా పడుకుని ఆపుతారు. ఆడేవారందరూ కళ్లకు గంతలు కట్టుకుంటారు కనుక చూపున్న పిల్లలూ వారితో సమానంగా ఆడవచ్చు. గీతలు చేతికి తగిలేలా టేపు కింద సన్నని తాడు పరవాలి, ప్రేక్షకులు నిశ్శబ్దంగా ఉండాలి. ఈ ఆటకు నున్నని నేల అవసరం. గరుకు మట్టిలో ఆడిస్తే మోచేతులు చీరుకుపోతాయి, కాబట్టి అలాంటి చోట దీన్ని మొదలుపెట్టకండి. చేతులూ కాళ్లూ అదుపులో లేని పిల్లలకు బోషియా మంచిది: తెల్ల బంతికి దగ్గరగా ఆరు ఎర్ర బంతులు ఒక పక్షం, ఆరు నీలం బంతులు ఒక పక్షం వేస్తారు, విసరలేనివారు వాలుబల్ల మీదుగా బంతిని వదులుతారు.

అంధుల క్రికెట్ గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే భారత జట్టుకు సారథ్యం వహించి అర్జున పురస్కారం పొందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. శబ్దం చేసే గట్టి ప్లాస్టిక్ బంతిని చేయి కిందినుంచి నేలబారుగా వేస్తారు. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివారై ఉండాలి. వారు చేసిన పరుగులు రెట్టింపుగా లెక్కకు వస్తాయి. ఎవరిని జట్టులోకి తీసుకోవాలన్న ప్రశ్నకు నియమాల్లోనే జవాబు ఉంచిన ఆట ఇది.

వినికిడి లేని పిల్లలకు పరుగు పందెంలో తుపాకీ శబ్దం బదులు జెండా ఊపండి. చూపు లేని పరుగు క్రీడాకారుడికి తోడు పరుగెత్తే స్నేహితుడిని, ఇద్దరి చేతులను కలిపే చిన్న తాడును ఇవ్వండి. మేధోవైకల్యం ఉన్నవారికి ఒకసారి ఒకే సూచన ఇచ్చి, చేసి చూపండి. వెన్నెముక దెబ్బతిన్నవారిలో చాలామందికి దెబ్బ తగిలిన చోటికి దిగువన చెమట సరిగా పట్టదు కనుక మన ఎండలలో వారి సాధన తెల్లవారుజామునే పెట్టాలి. కూర్చున్న చోట పుండ్లు పడకుండా మధ్యమధ్యలో శరీర భారాన్ని ఎత్తి దించుకోవడం అలవాటు చేయాలి.

సర్టిఫికెట్ వేరు, క్రీడా వర్గీకరణ వేరు

సదరం సర్టిఫికెట్‌లోని శాతం పింఛనుకూ రిజర్వేషన్‌కూ పనికివస్తుంది. పారా క్రీడలలో వర్గాన్ని అది నిర్ణయించదు. పారా క్రీడలలో ప్రతి ఆటకూ విడిగా వర్గీకరణ పరీక్ష ఉంటుంది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి మేధోవైకల్యం ఉన్నవారి టీ20 వర్గంలో పరుగెత్తుతారు. ఊళ్లో వెక్కిరింపులు పడ్డ ఆ అమ్మాయి 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డుతో స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించారు. బడి పోటీలలో ఆమె పరుగు ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి కంటపడకపోతే ఈ కథే లేదు. వినికిడి లోపం పారాలింపిక్ వర్గాలలో లేదని కూడా గుర్తుంచుకోండి. వారికి 1924 నుంచి విడిగా బధిర ఒలింపిక్స్ జరుగుతున్నాయి, హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ స్వర్ణం గెలిచింది అక్కడే. తప్పు సంఘం గుమ్మంలో రెండేళ్లు తిరిగిన పిల్లల వయసు తిరిగి రాదు, కనుక ఈ తేడాను తల్లిదండ్రులకు మొదటి రోజే చెప్పండి.

వినతిపత్రం

ఎవరిని అడుగుతున్నారో వారు చేయగలిగిన పనినే అడగండి. బడి విషయమైతే ప్రధానోపాధ్యాయుడికి, జిల్లా విద్యాశాఖాధికారికి. మైదానం, శిక్షకుడు, పరికరాల విషయమైతే తెలంగాణలో జిల్లా యువజన, క్రీడల అధికారికి, ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి రాయండి. ప్రతి నకలూ వికలాంగుల సంక్షేమం చూసే జిల్లా అధికారికి పంపండి. పత్రం ఒక పేజీ దాటనివ్వకండి. వాక్యం ఇలా ఉండవచ్చు: "వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 16, 30 సెక్షన్ల ప్రకారం, మా పాఠశాలలో చదువుతున్న వైకల్యం గల ఆరుగురు విద్యార్థులు ఆటల పీరియడ్లలో తోటివారితో కలిసి ఆడే ఏర్పాటు చేయవలసిందిగా, మైదానం ద్వారం వద్ద ర్యాంపు నిర్మించవలసిందిగా, బోషియా బంతుల సెట్టు ఒకటి కొనుగోలు చేయవలసిందిగా, తీసుకున్న చర్యను ముప్పై రోజులలో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము." ఇందులో "దయతో" అన్న మాట లేకపోవడాన్ని గమనించండి. మర్యాద తగ్గకుండానే ఆ మాటను వదిలివేయవచ్చు. పేరు విషయంలో "వికలాంగులు" అన్న మాటను పత్రంలో రాయండి; మాటల్లో మాత్రం "దివ్యాంగులు", "విభిన్న ప్రతిభావంతులు" వంటి పిలుపులలో ఎవరికి ఏది ఇష్టమో వారినే అడగండి.

కాన్సులేట్లు, విదేశీ అతిథులు

హైదరాబాద్‌లోని విదేశీ కాన్సులేట్ల అధికారులను మీ పోటీలకు ఆహ్వానించవచ్చు. అతిథి వస్తే జిల్లా అధికారులు కూడా వస్తారు, ఆ రోజు మైదానంలో ర్యాంపు ఉన్నదీ లేనిదీ అందరి కంటా పడుతుంది. అతిథిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పి పంపకండి. కళ్లకు గంతలు కట్టి గోల్‌బాల్ ఆడించండి, మాట్లాడే అవకాశం క్రీడాకారులకు ఇవ్వండి. డబ్బు విషయంలో జాగ్రత్త అవసరం. విదేశీ ప్రభుత్వం నుంచి గానీ సంస్థ నుంచి గానీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద మీ సంఘానికి నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండి తీరాలి. అది లేని సంఘం సాయాన్ని శిక్షణ శిబిరాలకు, నిపుణుల రాకకు పరిమితం చేసుకోవడం మేలు.

మీ కొలతలు, ఫొటోలు, జవాబు రాని వినతిపత్రాలు జెనీవా దాకా వెళ్లగలవు. ఒడంబడిక అమలుపై ప్రభుత్వం ఇచ్చే నివేదికను అక్కడి ఐక్యరాజ్యసమితి కమిటీ సమీక్షిస్తుంది. భారత్ తొలి సమీక్ష 2019లో జరిగింది. ఆ సందర్భంలో వికలాంగుల సంఘాలు ప్రత్యామ్నాయ నివేదికలు పంపవచ్చు కనుక, మీ సమాచారాన్ని తేదీలతో సహా భద్రపరచి జాతీయ స్థాయి సంఘాలకు అందించండి.

జవాబు రాకపోతే

వినతిపత్రానికి రసీదు తీసుకోండి. గడువు దాటితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో దాన్ని నమోదు చేయించండి. 72వ సెక్షన్ కింద ఉండవలసిన జిల్లా స్థాయి కమిటీ అజెండాలో చేర్చమని కోరండి. క్రీడల బడ్జెట్‌లో వైకల్యం ఉన్నవారి కోసం ఎంత ఖర్చు చేశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజులలో సమాధానం ఇవ్వాలి. ఆ పైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కమిషనర్ సిఫార్సు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో తీసుకున్న చర్యను తెలియజేయాలని 81వ సెక్షన్ చెబుతుంది. ఈ కాగితాలన్నీ తిరుగుతున్నంత కాలం ఆట ఆగకూడదు: పాత వలను కిందికి దించి కట్టిన రోజు నుంచి, ప్రతి సాధనకు ఎవరెవరు వచ్చారో ఒక పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోండి. ఫిర్యాదుకు జతపరచవలసిన మొదటి పత్రం ఆ హాజరు పట్టికే.