బెయిట్‌కాస్టింగ్ రీళ్లను పోల్చడం ఎలా? దూరం ఎంత, నమ్మకం ఎంత

రీలు డబ్బా మీద బేరింగులు ఎన్నో రాసి ఉంటుంది, గేర్ నిష్పత్తి ఉంటుంది, చేప లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే డ్రాగ్ ఎన్ని కిలోలో ఉంటుంది. ఎర ఎంత దూరం వెళ్తుందో మాత్రం ఉండదు. అది రీలు ఒక్కదాని చేతిలో లేదు మరి. కర్ర, దారం, ఎర బరువు, గాలి, విసిరేవారి బొటనవేలు అన్నిటికీ అందులో వాటా ఉంది. ఒడిశాలోని పర్లాకిమిడి, గునుపురం, రాయగడ వైపు చాలామంది రీలును చేత్తో పట్టి చూడకుండానే తెప్పించుకుంటారు. అందుకే రెండు రీళ్లు పక్కపక్కన దొరికినప్పుడు, అందులో ఒకటి స్నేహితుడిదైనా సరే, ఒక ఉదయం కేటాయించి కొలిచి చూడడం మంచిది.

స్పిన్నింగ్ రీలులో స్పూలు, అంటే దారం చుట్టి ఉండే చక్రం, కదలదు, దారం దాని అంచు మీంచి జారిపోతుంది. బెయిట్‌కాస్టర్‌లో స్పూలే తిరుగుతూ దారాన్ని వదలాలి. గాలిలో ఎర వేగం తగ్గినా స్పూలు పాత ఊపులోనే తిరుగుతుంటుంది. ఎర లాక్కునే దారంకన్నా స్పూలు వదిలేది ఎక్కువైతే అది లోపలే ఉబ్బి చిక్కుపడుతుంది. అదే బ్యాక్‌లాష్. కాబట్టి చూడాల్సినవి రెండు: స్పూలు ఎంత తేలిగ్గా కదులుతోంది, కదిలాక దాన్ని బ్రేకు ఎంత ఒద్దికగా పట్టుకుంటోంది.

సామాను, స్థలం

కర్ర ఒక్కటే ఉండాలి. ఆరున్నర నుంచి ఏడడుగుల మీడియం హెవీ కర్ర, 10 నుంచి 28 గ్రాముల ఎరకని రాసి ఉన్నది సరిపోతుంది. 7, 14, 21 గ్రాముల సీసం గుండ్లు మూడు తీసుకుని కాటా మీద తూచుకోండి, బజారు గుండ్ల బరువు చెప్పినంత ఉండదు. 50 మీటర్ల టేపు, గుర్తు పెట్టడానికి వెదురు పుల్లలు, కొక్కెం ఉన్న వేలాడే కాటా, ఒక నోటుబుక్కు కావాలి. గాలాలు ఇంట్లో వదిలేయండి.

స్థలానికి బడి మైదానం అన్నిటికన్నా మేలు. కోత అయిన వరి మడి ఖాళీగానే కనిపిస్తుంది గానీ మోళ్లు దారాన్ని గీరేస్తాయి. ఎండాకాలంలో వంశధార, నాగావళి ఇసుక మేటలు కావలసినంత వెడల్పు ఉంటాయి, అయితే ఒక్క ఇసుక రేణువు థంబ్ బార్ (స్పూలును వదిలించే బొటనవేలి మీట) కిందికి దూరితే పోలిక అక్కడితో సరి. అక్కడే చేయాల్సి వస్తే కింద టార్పాలిన్ పరచండి, రీలును నేల మీద పెట్టకండి. గోపాలపూర్ తీరంలో పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది, తెల్లవారగానే ముగించుకోవాలి. రుషికుల్య మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీద ఈ పని పెట్టుకోవద్దు. ఎక్కడ చేసినా తల పైన కరెంటు తీగలు ఉండకూడదు.

మొదట దారం సమానం చేయండి

పోలికలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఒక స్పూలు నిండుగా, ఇంకొకటి సగానికి ఉంటే మీరు కొలిచేది దారం నింపుడునే, రీలును కాదు. స్పూలు సగమే నిండితే దారం చిన్న చుట్ట మీంచి వస్తుంది, అంతే దూరానికి స్పూలు ఎక్కువ చుట్లు తిరగాలి. మరీ నిండిపోతే బరువు పెరిగి కదలడానికి బద్ధకిస్తుంది, చిన్న ఉబ్బుకే చిక్కు పడుతుంది. అంచుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల కింద ఆపడం సరైన లెక్క.

దారం బరువు తక్కువేం కాదు. 0.33 మిల్లీమీటర్ల నైలాన్ 100 మీటర్లు దాదాపు 10 గ్రాములు తూగుతుంది. 0.23 మిల్లీమీటర్ల బ్రెయిడ్ (అల్లిన దారం) అంతే పొడవుకు 4 గ్రాములకు కాస్త పైన. అల్యూమినియం స్పూలు బరువే కొన్ని రీళ్లలో 15 గ్రాముల లోపు ఉంటుంది, అలాంటప్పుడు ఈ 6 గ్రాముల తేడా 7 గ్రాముల ఎర విసిరేటప్పుడు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రెండు రీళ్లకూ ఒకే కండె నుంచి ఒకే రకం దారం ఎక్కించండి. విసురుకు 50 మీటర్లు, చేప లాక్కెళ్లడానికి 40 మీటర్లు అనుకుంటే 90 నుంచి 100 మీటర్లు చాలు. స్పూలు లోతుగా ఉంటే అడుగున పాత నైలాన్ చుట్టి ఎత్తు పెంచండి. బ్రెయిడ్‌ను నేరుగా నున్నటి స్పూలుకు కడితే చుట్ట మొత్తం జారి తిరుగుతుంది. డ్రాగ్ పాడైందని చాలామంది రీలు విప్పేది ఇందుకే. కింద నాలుగైదు చుట్లు నైలాన్ వేస్తే ఆ గొడవ ఉండదు.

మరలు బిగించే వరస

హ్యాండిల్ పక్కనున్న స్పూల్ టెన్షన్ మరను ముందు సరిచేయండి. స్పూలును బొటనవేలితో అటూ ఇటూ కదిపితే వచ్చే టకటక చప్పుడు ఆగేంతవరకే బిగించాలి, ఆ పైన వద్దు. ఎర నెమ్మదిగా దిగి నేలను తాకగానే స్పూలు ఆగేలా బిగించమని కొత్తవారికి చెప్తారు. నేర్చుకునేటప్పుడు అది మంచిదే, కానీ విసురు మొదలు నుంచి చివరి దాకా ఆ రాపిడి పోదు, దూరాన్ని మింగేస్తుంది.

తర్వాత బ్రేకు. ఎక్కువ అంకె దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టు తగ్గిస్తూ విసరండి. దారం స్పూలు మీద కొంచెం లేచిందంటే ఒక మెట్టు వెనక్కి పెంచి అక్కడ ఆపండి. ఆ రీలుకు ఆ ఎరతో అదే పని బిగింపు. ప్రతి గుండుకూ దీన్ని కొత్తగా వెతకాలి. ఒక రీలు మీది 5, ఇంకో రీలు మీది 5 ఒకటి కావు. రెండింటినీ ఒకే అంకె దగ్గర పెట్టి పోల్చడం వృథా ప్రయాస.

బ్రేకు రకం తెలిస్తే కొలతలు అర్థమవుతాయి. సెంట్రిఫ్యూగల్ బ్రేకులో స్పూలు తిరిగేకొద్దీ చిన్న ప్లాస్టిక్ ముక్కలు బయటికి జరిగి చుట్టూ ఉన్న కట్టుకు రాసుకుంటాయి. పట్టు వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కనుక విసరగానే గట్టిగా పట్టి, చివర్లో దాదాపు వదిలేస్తుంది. అందువల్ల బరువైన ఎర చివర్లో ఇంకాస్త సాగుతుంది. మాగ్నెటిక్ బ్రేకులో అయస్కాంతాల దగ్గర తిరిగే అల్యూమినియంలో సుడి విద్యుత్తు పుట్టి ఆపుతుంది. పట్టు వేగంతో పాటే తగ్గుతుంది గానీ చివరి దాకా కొంత మిగిలే ఉంటుంది. ఎదురుగాలిలో అది అదుపు, వెనక గాలిలో అది నష్టం. వేగం పెరిగినప్పుడు మాత్రమే అయస్కాంతాల దగ్గరికి జరిగే రోటర్‌తో డైవా కంపెనీ ఈ రెంటికీ మధ్య దారి తీసింది. షిమానో కంపెనీ 2003లో కల్‌కట్టా కాంక్వెస్ట్ డీసీ (డిజిటల్ కంట్రోల్) రీలుతో తెచ్చిన ఎలక్ట్రానిక్ బ్రేకుకు బ్యాటరీ అక్కర్లేదు, స్పూలు తిరుగుడే దానికి కరెంటు. డీసీ కొంటే దూరం ఇబ్బడిముబ్బడి అవుతుందనే మాట నమ్మదగ్గది కాదు. అది తగ్గించేది చిక్కుల్ని. పైగా లోపలి బోర్డు పోతే ఊళ్లో విప్పి బాగుచేసేవారు దొరకరు.

విసిరి కొలవడం

విసిరేది ఒక్కరే అయి ఉండాలి. గుండు కర్ర కొస నుంచి 30 సెంటీమీటర్లు వేలాడాలి. తల మీదుగా రెండు చేతులతో, పూర్తి బలంలో ముప్పాతిక వంతుతో విసరండి. పూర్తి బలం పెడితే ప్రతిసారీ ఒకేలా రాదు. దారాన్ని మగ్గుతో నీళ్లు పోసి తడపండి, పొడి బ్రెయిడ్ నీటి మీద నిజంగా జరిగేది చూపించదు. మొదటి ఐదు విసుర్లు లెక్కలోకి రావు.

తర్వాత ఒక్కో గుండుకు, ఒక్కో రీలుకు పదేసి. ఒక రీలుతో పదీ ముగించి రెండోది ఎత్తుకోకండి, ఈలోగా చెయ్యి అలుస్తుంది, గాలి మారుతుంది. ఐదు విసిరి రీలు మార్చి, మళ్లీ ఐదు. గాలికి అడ్డంగా వద్దు, సగం గాలి వాలున, సగం ఎదురుగా. బొటనవేలు గుండు నేల తాకే క్షణంలో మాత్రమే స్పూలు మీద పడాలి. మధ్యలో తాకాల్సి వస్తే పక్కన గుర్తు వేయండి. చిక్కుకు మార్కులు ఇవి: ఏమీ లేకపోతే సున్నా, దారం లాగితే ఊడేదైతే ఒకటి, కూర్చుని గోటితో విప్పాల్సిందైతే రెండు.

గుండు పడ్డచోట పుల్ల గుచ్చి టేపుతోనే కొలవండి. బయటికి వెళ్లిన దారాన్ని బట్టి లెక్కిస్తే గాలికి దారం విల్లులా వంగినంత మేర అదనం వచ్చి చేరుతుంది.

పది కొలతలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాసి, నడిమి రెంటి సగటు తీయండి. ఆ పక్కనే అతి తక్కువకూ అతి ఎక్కువకూ ఉన్న తేడా రాయండి. ఉదాహరణకు 14 గ్రాములతో మొదటి రీలుకు నడిమి కొలత 38 మీటర్లు, తేడా 5 మీటర్లు, చిక్కులు లేవు అనుకుందాం. రెండోదానికి 41 మీటర్లు, తేడా 14, రెండు మార్కుల చిక్కు రెండుసార్లు. కొనాల్సింది మొదటిదే. ఆ 41 చూసి మోజుపడినవాళ్లు పొద్దు సగం గోళ్లతో దారం విప్పుకుంటూ గడుపుతారు. నడిమి కొలతల్లో 2 మీటర్ల లోపు తేడాను తేడా కిందే లెక్కపెట్టకండి.

7 గ్రాముల దగ్గర వరస తారుమారు కావచ్చు. 21 గ్రాములతో ముందున్న రీలు ఇక్కడ వెనకబడటం మామూలే. తేలికపాటి ఎర లోతైన, బరువైన స్పూలును కదిలించలేదు. 28 నుంచి 32 మిల్లీమీటర్ల వ్యాసమున్న పలుచటి స్పూళ్లకు ఇది అనుకూలం, 34 అంతకు పైన ఉన్నవి బరువుకు అనుకూలం. మీ వేట ఏదో దాన్నిబట్టి ఏ గుండు కొలతకు ఓటు వేయాలో తేలుతుంది. చెరువులో గుర్రపుడెక్క సందుల్లో కొర్రమీనుకు వేసే రబ్బరు కప్ప 10 నుంచి 15 గ్రాములుంటుంది, అది 20 మీటర్ల దగ్గర చాట వెడల్పు సందులో పడాలి. అక్కడ 45 మీటర్ల రీలుతో పనేముంది? కొలాబ్ జలాశయం ఒడ్డున నిలబడి లోతుకు విసిరేవారికి మాత్రం ప్రతి 5 మీటర్లూ విలువైనవే.

నమ్మకం పరీక్ష

స్పూలును వేలితో తిప్పి ఎన్ని సెకన్లు తిరిగిందో చూసి మురిసిపోవడం ఒక అలవాటు. రెండు వేరు రీళ్ల సెకన్లు పోల్చితే తేలేది ఏమీ లేదు. అదే రీలుకు కొత్తలో వచ్చిన సెకన్లు రాసి పెట్టుకుంటే, మూడు నెలల తర్వాత అది సగానికి పడిపోయినప్పుడు స్పూలు బేరింగులో మట్టి చేరిందని తెలుస్తుంది. బేరింగుల సంఖ్యా అంతే. విసురుకు పనికొచ్చేవి స్పూలుకు రెండు వైపులా ఉన్నవే, హ్యాండిల్ గుబ్బల్లోవి లెక్క పెంచడానికి ఎక్కువ ఉపయోగం.

డ్రాగ్‌ను చెట్టుకు కట్టిన కాటాతో చూడండి. 12 పౌండ్ల దారం 5.4 కిలోలకు తెగుతుంది, డ్రాగ్ అందులో మూడో వంతు, అంటే 1.8 కిలోల దగ్గర ఉండాలి. డబ్బా మీద 10 కిలోలని రాసి ఉన్నా ఈ దారానికి దాంతో పనిలేదు. కర్రను కాటా వైపు సూటిగా పెట్టి మెల్లగా వెనక్కి నడవండి. దారం కదలడం మొదలైన అంకె, కదులుతున్నప్పటి అంకె రెండూ రాసుకోండి. మొదలు 2.6, నడక 1.8 అయితే ఆ రీలుతో చేప మొదటి దూకుడుకే దారం తెగే ప్రమాదం పెరుగుతుంది. రెండంకెలూ దగ్గరగా ఉండాలి. రీలు మీద నీళ్లు చల్లి మరోసారి చూడండి, కార్బన్ వాషర్లున్న వాటికీ చవక ఫెల్ట్ వాషర్లకూ తేడా అక్కడ బయటపడుతుంది. అదే బిగింపులో ఫ్రేమును గమనించండి. చవక గ్రాఫైట్ ఫ్రేము లాగుడుకు వంగి స్పూలు అంచు రాసుకుంటే గరగరమంటుంది.

ఇక కర్రను ఇరవైసార్లు గట్టిగా కుదపండి. హ్యాండిల్ ఒక్కసారైనా వెనక్కి జారితే వన్‌వే రోలర్ బేరింగు పట్టు తప్పుతోంది. చాలాసార్లు కారణం అరుగుదల కాదు, ఎవరో ప్రేమగా అందులో గ్రీజు పెట్టి ఉంటారు. గ్రీజు తుడిచి, లైటర్ ఫ్లూయిడ్‌తో కడిగి, పలుచటి నూనె చుక్కలో సగం వేస్తే సర్దుకుంటుంది. థంబ్ బార్‌ను యాభైసార్లు నొక్కి హ్యాండిల్ తిప్పుతూ ప్రతిసారీ గేరు పడుతోందా చూడండి. దారాన్ని అటూ ఇటూ నడిపే లెవెల్ వైండ్ ఒకవైపే దారం పోగుచేస్తుంటే లోపలి పాల్, అంటే మరమేకులో నడిచే చిన్న పన్ను, అరిగిందనో అక్కడ ఇసుక చేరిందనో అర్థం.

గేరు వేగాన్ని టేపుతో తేల్చుకోవచ్చు. నిండుగా 34 మిల్లీమీటర్లున్న చుట్ట ఒక తిప్పుకు దాదాపు 107 మిల్లీమీటర్ల దారం లాగుతుంది. 7.3 నిష్పత్తికి హ్యాండిల్ ఒక చుట్టుకు 78 సెంటీమీటర్లు, 6.3కు 67. కొర్రమీనును నాచులోంచి లాగాలంటే వేగంతో పాటు బలమూ కావాలి, 6కూ 7కూ మధ్యవి మేలు. ఇత్తడి గేర్లు బరువెక్కువైనా ఆ లాగుడుకు అల్యూమినియం కంటే ఎక్కువ కాలం తట్టుకుంటాయి.

ఉప్పునీటికి, నూనెకు

గోపాలపూర్‌లో వాడేదైతే మెగ్నీషియం ఫ్రేము కొనకండి. రంగు లేచిన చోట ఉప్పు తిని తెల్లటి పొడి రాలుతుంది, అల్యూమినియం ఇంకొంత ఓర్చుకుంటుంది. వేట అయ్యాక డ్రాగ్ బిగించి మంచినీటిని సన్నటి ధారగా పోయండి. పైపుతో జోరుగా కొడితే ఉప్పే లోపలికి వెళ్తుంది. దులిపి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి, నీడలో ఆరబెట్టండి.

స్పూలు బేరింగులకు లైటర్ ఫ్లూయిడ్‌తో స్నానం (పొయ్యి, బీడీ దగ్గర్లో ఉండకూడదు), ఆరాక పలుచటి రీలు నూనె ఒక్క చుక్క. కుట్టుమిషను నూనె అవసరానికి పనికొస్తుంది. కొబ్బరినూనె వద్దేవద్దు, 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, కొరాపుట్ చలికాలపు ఉదయాన స్పూలు కదలదు. డైవా మాగ్‌సీల్డ్ బేరింగులకు నూనె వేయకూడదు, లోపలున్న అయస్కాంత నూనె కలుషితమై సీలు పోతుంది.

రెండు రీళ్లూ అన్నిట్లో సరిసమానంగా వస్తే ఒక పని మిగిలింది. పాల్, బ్రేకు ముక్కలు, స్పూలు బేరింగు, ఈ మూడూ విడిగా దొరికే కంపెనీ ఏదో ఆన్‌లైన్‌లో వెతకండి. ఆ మూడూ ఏ రీలుకు దొరుకుతాయో అది తీసుకోండి, కొన్నప్పుడే ఒక పాల్ అదనంగా తెప్పించుకోండి.