పియానోపై మేజర్ పెంటాటోనిక్ కుదరడం లేదా? ముందు సా ఎక్కడుందో చూడండి

మేజర్ స్కేల్‌లోంచి నాలుగో స్వరం, ఏడో స్వరం తీసేస్తే మిగిలే ఐదు స్వరాల స్కేలే మేజర్ పెంటాటోనిక్. సి నుంచి అయితే సి, డి, ఇ, జి, ఎ. మన లెక్కలో స రి గ ప ద, అంటే మోహన రాగ స్వరాలు. సా అంటే స్కేల్‌కి ఆధారమైన మొదటి స్వరం, ఇక్కడ సి.

ఇందులో ఏ ఇబ్బంది వచ్చినా జనం ముందు వేళ్లనే అనుమానిస్తారు. స్పీడు తగ్గించి అదే తప్పును మళ్లీ మళ్లీ వాయిస్తారు. దయచేసి అంతకన్నా ముందు ఒక పని చేయండి. ఎడమ చేత్తో కింది సా నొక్కి పట్టుకుని, కుడి చేత్తో స్కేల్ వాయిస్తూ వినండి. అర నిమిషం పని. దాదాపు అందరూ వదిలేసేది ఇదే.

సి నుంచి బాగుంది, వేరే కీ నుంచి మొదలెడితే ఒక స్వరం తేడాగా ఉంది

తెల్ల కీలు మాత్రమే లెక్కపెడుతున్నారు. డి నుంచి మొదలెట్టి డి, ఇ, ఎఫ్, ఎ, బి వాయిస్తున్నారు. అక్కడ ఉండాల్సింది ఎఫ్ కాదు, ఎఫ్ షార్ప్, అంటే ఎఫ్‌కి కుడి పక్కనున్న నల్ల కీ. నల్లదైనా తెల్లదైనా ప్రతి కీనీ ఒక సెమీటోన్‌గా లెక్కేసి 2, 2, 3, 2, 3 చొప్పున జరగండి. మొత్తం 12 అయి పై సా దగ్గర తేలాలి. తేలకపోతే ఎక్కడో తప్పారు. పూర్తిగా తెల్ల కీల మీదే నడిచేవి సి, ఎఫ్, జి మూడే. ఆ మూడే సాధన చేసినవాళ్లకు మిగతావీ అలాగే ఉంటాయన్న భ్రమ కలుగుతుంది.

మధ్యలో ఎఫ్, బి తగులుతున్నాయి

మేజర్ స్కేల్ అలవాటు, అంతే. వేళ్లు వరసగా పడిపోతున్నాయి. కింది సమస్యకు చెప్పిన సాధనతోనే ఇదీ పోతుంది.

ఇ నుంచి జికి, ఎ నుంచి పై సికి వెళ్లేటప్పుడు లయ కుంటుతోంది

కుడి చేతికి 1-2-3-1-2 వేళ్లు (బొటనవేలు 1, చిటికెనవేలు 5) వాడుతుంటే, బొటనవేలు ఆలస్యంగా బయల్దేరుతోందన్నమాట. మధ్యవేలు ఇ నొక్కాక కాదు, చూపుడువేలు డి మీద ఉండగానే బొటనవేలు అరచేతి కిందికి కదలడం మొదలుపెట్టాలి. సి-డి-ఇ మూడూ ఒకేసారి నొక్కండి, తర్వాత జి-ఎ ఒకేసారి, మళ్లీ పై సి-డి-ఇ. ఈ గుంపుల మధ్య చెయ్యి తడబడకుండా జరిగే వరకు విడివిడిగా వాయించకండి. ఎడమ చేతికి పైకి వెళ్లేటప్పుడు 3-2-1-2-1.

స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా మేజర్‌లా వినిపించడం లేదు

నన్ను ఎక్కువసార్లు ఏమార్చింది ఇదే. వేళ్లు చూస్తే తప్పు కనిపించదు. ఎఫ్ లేదు, బి లేదు, లయ కూడా బాగుంది. కానీ వినేవాళ్లకు దిగులుగానో, ఎటూ తేలనట్టుగానో ఉంటుంది. అప్పుడు కుడి చేతిని వదిలేసి ఎడమ చేతిని చూడాలి. చిటికెనవేలు ఎ మీద ఆనుకుని ఉంటుంది, లేదా ప్రతి పలుకూ ఎ మీద ఆగుతూ ఉంటుంది. ఇక అది సి మేజర్ పెంటాటోనిక్ కాదు, ఎ మైనర్ పెంటాటోనిక్. అవే ఐదు కీలు, కానీ సా మారింది.

కర్ణాటక సంగీతంలో దీన్నే గ్రహభేదం అంటారు. మోహనలోని రి ని సా అనుకుంటే మధ్యమావతి, గ ని అనుకుంటే హిందోళం, ప ని అనుకుంటే శుద్ధసావేరి, ద ని అనుకుంటే శుద్ధధన్యాసి స్వరాలు వస్తాయి. ఒకే ఐదు కీలలో ఐదు వేర్వేరు మనోభావాలున్నాయి. కాబట్టి "సరైన కీలే నొక్కుతున్నాను" అన్నది ఇక్కడ సమాధానం కాదు.

నల్ల కీల దగ్గర ఇది మరీ ఎక్కువ. ఐదు నల్ల కీలు కలిస్తే ఎఫ్ షార్ప్ మేజర్ పెంటాటోనిక్ అని ఎవరో చెబుతారు. నేర్చుకునేవాళ్లు ఆక్టేవ్‌లో (సి నుంచి పై సి దాకా ఉన్న కీలలో) మొదట కనబడే సి షార్ప్ నుంచి ఎత్తుకుంటారు. అక్కడ మొదలై అక్కడే ఆగితే వినిపించేది శుద్ధసావేరి, మోహన కాదు.

సా ఎక్కడుందో కనిపెట్టడానికి నమ్మకమైన గుర్తు ఒకటుంది. ఈ స్కేల్‌లో రెండేసి సెమీటోన్ల దూరంలో మూడు స్వరాలు వరసగా వచ్చే చోటు ఒక్కటే. ఆ మూడింట్లో కిందిదే సా. సి-డి-ఇ లో సి. నల్ల కీలలో మూడింటి గుంపు ఉంది కదా, దాని ఎడమ చివరిది.

పరిష్కారానికి ఎడమ చేత్తో సా, ప కలిపి పట్టుకోండి. సి స్కేల్‌కైతే సి, జి. కుడి చేత్తో నాలుగైదు స్వరాల చిన్న పలుకులు వాయించి, ప్రతిదాన్నీ సా మీదో, గ మీదో ముగించండి. తర్వాత కావాలని ద మీద ఆగండి, అది ఇంకా ఎక్కడికో వెళ్లాలన్నట్టు వినిపిస్తుంది. అక్కడి నుంచి సా కి రండి. ఆ తేడా చెవికి పట్టేదాకా స్పీడు పెంచకండి. బ్యాకింగ్ ట్రాక్‌తో (ముందే రికార్డు చేసిన తోడు వాయిద్యంతో) వాయిస్తుంటే అది ఏ కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) మీద తేలుతోందో ముందు వినండి. ఎ మైనర్ మీద తేలే ట్రాక్ పెట్టుకుని సి మేజర్ రంగు రావడం లేదని బాధపడితే ప్రయోజనం లేదు.

మిగతావి

ఒంటరిగా బాగుండి, ఇతరులతో వాయిస్తే కలవకపోతే డిజిటల్ కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (అన్ని కీల శ్రుతినీ ఒకేసారి పైకో కిందికో జరిపే అమరిక) సున్నా మీద ఉందో లేదో చూడండి. ఒకే కీ ప్రతి స్కేల్‌లోనూ తేడాగా పలుకుతుంటే లోపం వాయిద్యానిది, ట్యూనర్‌ని పిలవండి. ఇవి అరుదు. పైవన్నీ చూశాకే వీటి జోలికి వెళ్లండి.